గంపకు అప్పు, కాళ్లకు కుర్చీ: చెన్నై చిల్లర వర్తకంలో స్త్రీలు

చెన్నై చిల్లర వర్తకంలో స్త్రీలు రెండు రకాలుగా కనిపిస్తారు. గంపో, తోపుడుబండో తనదైన ఆమె ఒకరు. ఒకరి కొట్లో నెలజీతానికి నిలబడే ఆమె మరొకరు. మొదటి ఆమె గురించి సూక్ష్మరుణాల శీర్షిక కింద, రెండో ఆమె గురించి కార్మిక చట్టాల శీర్షిక కింద చదవడం మనకు అలవాటైపోయింది. ఇద్దరి చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఒక్కో మనిషిని, ఒక్కో కొట్టును కాక మొత్తం వీధిని లెక్కలోకి తీసుకున్న ప్రయత్నాలే వీళ్లకు ఎక్కువ అక్కరకొచ్చాయి.

పూలమ్మే ఆమె దినచర్యనే తీసుకుందాం. తెల్లవారకముందే టోకు బజారులో విడిపూలు కిలోల లెక్కన కొనాలి. కూర్చుని మాల కట్టాలి. మోచేతి నుంచి వేలికొస దాకా కొలిచి మూరల లెక్కన అమ్మాలి. రాత్రికి మిగిలిన మల్లెలకు మర్నాడు ధర ఉండదు. అంటే పెట్టుబడి ఏ రోజుకారోజు పొద్దున్నే పుట్టాలి. ఆ వేళకు బ్యాంకు తలుపు తెరవదు, రోజువడ్డీ వ్యాపారి మాత్రం సిద్ధంగా ఉంటాడు. పొద్దున 90 రూపాయలు చేతిలో పెట్టి సాయంత్రం 100 పట్టుకుపోతాడనుకుంటే, ఒక్క రోజుకే వడ్డీ 11 శాతం దాటుతుంది. తమిళనాడు 2003లో అధికవడ్డీ నిషేధ చట్టం తెచ్చినప్పుడు దినవడ్డీ, గంటవడ్డీ, కందువడ్డీ, మీటరువడ్డీ, తండల్ అని ఒక్కోదాన్నీ విడిగా నిర్వచించాల్సి వచ్చింది. గంటలెక్కన వడ్డీకి కూడా చట్టంలో చోటు దొరికిందంటే ఆ వ్యాపారం ఎంత ముదిరిందో వేరే చెప్పాలా?

కాంగ్రెస్ పార్టీలో పనిచేసిన జయా అరుణాచలం ఆ రాజకీయాలు వదిలి, 1978లో మద్రాసులో వర్కింగ్ విమెన్స్ ఫోరమ్ స్థాపించింది ఇలాంటి స్త్రీల కోసమే. పేదలకు 4 శాతం వడ్డీకి అప్పులిచ్చే పథకం జాతీయ బ్యాంకుల్లో 1972 నుంచే ఉంది. ఉన్నా, వేలిముద్ర వేసే కూరగాయలామె కౌంటరు దాకా వెళ్లడం ఎలా? ఫోరమ్ చేసిన పని చూడటానికి చిన్నదే. ఒకే పేటలో ఉండే స్త్రీలను బృందంగా కట్టి, వాళ్లలోనే ఒకరిని నాయకురాలిగా పెట్టి, ఒకరికొకరిని హామీగా నిలబెట్టింది. ఎవరి బేరం ఎలా ఉందో, ఎవరి ఇంట్లో జబ్బో, ఎవరి మగడు తాగి డబ్బు లాక్కుంటాడో పక్కింటామెకు తెలిసినట్టు బ్యాంకు మేనేజరుకు తెలియదు. అప్పు తిరిగి రావడానికి ఆ ఎరుకే ఆధారమైంది. బ్యాంకుల జాప్యంతో విసిగి 1981లో ఫోరమ్ సొంత సహకార సంఘాన్నే పెట్టుకుంది. తర్వాత మన నరసాపురం లేసు అల్లే స్త్రీల దాకా వెళ్లింది. తమ అల్లిక ఎక్కడికి పోతుందో, ఎంతకు అమ్ముడవుతుందో తెలియని ఇంట్లో కూర్చుని అల్లే ఆ స్త్రీలకు అప్పుకన్నా సంఘమే ముందు అవసరం.

బృందం కట్టినంత మాత్రాన మేలు జరుగుతుందని కాదు. దూబగుంట సారా వ్యతిరేక పోరాటం తర్వాత నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘాలుగా కూడినదీ స్త్రీల బృందాలే. 2010 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు వారంవారం వసూళ్లకు వాడుకున్నదీ స్త్రీల బృందాలనే. పక్కింటామె ఎరుక అక్కడ ఒత్తిడిగా మారింది. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి అడ్డుకోవాల్సి వచ్చింది. అప్పు ఎవరిది, బృందం ఎవరి మాట వింటుంది అన్నదాన్ని బట్టి అంతా మారిపోతుంది.

ఇక జీతానికి నిలబడే ఆమె సంగతి. టి.నగర్ రంగనాథన్ వీధి బట్టల కొట్ల పనివాళ్ల బతుకును 2010లో వసంతబాలన్ ‘అంగాడి తెరు’ సినిమాగా తీశారు. తెలుగులో అది ‘షాపింగ్ మాల్’ పేరుతో వచ్చింది. కౌంటరు వెనక కస్టమరు లేని వేళ కూడా కూర్చోకూడదన్నది చాలా కొట్లలో రాయని నిబంధన. కాళ్ల వాపులు, నడుంనొప్పి, మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగకపోవడం, అన్నీ దాని వెంట వచ్చేవే. 2021 సెప్టెంబరులో తమిళనాడు తన 1947 నాటి దుకాణాల, సంస్థల చట్టానికి 22-ఎ సెక్షన్ చేర్చింది. ఉద్యోగులందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలనీ, పనిలో వీలు చిక్కినప్పుడు కూర్చునే అవకాశం ఉండాలనీ దాని సారం. కుర్చీ వేయడం తేలికే. ఆ ‘వీలు’ ఎప్పుడు చిక్కిందో తేల్చేది సూపర్‌వైజరు కాబట్టి, ఈ చట్టం సగం పనే చేసిందని నా అభిప్రాయం.

కేరళ 2018లోనే ఈ సవరణ చేసింది. దాని వెనక కోళిక్కోడ్ మిఠాయి వీధిలో పి.విజి నడిపిన స్త్రీల బృందం ‘పెన్‌కూట్టు’ ఉద్యమం ఉంది. వాళ్లు మొదట అడిగింది కుర్చీ కాదు, మరుగుదొడ్డి. ఆ కోరిక ఏ ఒక్క యజమాని మీదా కాదు, వీధి మొత్తం మీద.

మన చట్టాలు మాత్రం కొట్టులో తలలు లెక్కపెడతాయి. పదిమంది ఉంటేనే దుకాణానికి ప్రసూతి సెలవు నిబంధనలు వర్తిస్తాయి. లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలన్నా పదిమంది కావాలి. 50 మంది ఉంటేనే శిశుసంరక్షణ కేంద్రం. ముగ్గురు పనిచేసే గాజుల కొట్లో అమ్మాయి ఫిర్యాదు చేయాలంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీని వెతుక్కుంటూ వెళ్లాలి. యజమాని ఎదురుగా ఉంటాడు, కమిటీ ఎక్కడో ఉంటుంది. అదే వీధిలో అలాంటి చిన్న కొట్లు వరుసగా ఉంటే పనివాళ్లంతా కలిసి ఎప్పుడో 50 దాటేస్తారు. అయినా చట్టం దృష్టిలో ఏ కొట్టుకా కొట్టే.

వీధి వర్తకుల 2014 చట్టం ఈ విషయంలో కొంత నయం. పట్టణ వర్తక కమిటీలో 40 శాతం వర్తకులే ఉండాలనీ, వాళ్లలో మూడో వంతు స్త్రీలు ఉండాలనీ అంటుంది. పూలగంప ఆమెకు అక్కడ మాట ఉంది. ఆమె వెనక మెట్ల మీది కొట్లో నిలబడే అమ్మాయికి లేదు. ఆ కమిటీ పరిధిని కొట్ల పనివాళ్లకూ విస్తరించి, మరుగుదొడ్డి, పిల్లల్ని ఉంచే గది, ఫిర్యాదు వినే మనిషి, ఈ మూడింటి ఖర్చునూ వీధిలోని కొట్లన్నీ పంచుకునేలా చూడవచ్చు. రంగనాథన్ వీధి లాంటి చోట దీన్ని ముందుగా ప్రయత్నించడానికి కొట్టుకు పదిమంది ఉండాల్సిన పనిలేదు.