కెనడా ఫోటోగ్రాఫర్లు: ఎవరి బొమ్మ, ఎవరి కోసం?

ఫోటో అబద్ధమాడదని చాలామందికి గట్టి నమ్మకం. నాకూ కొంతకాలం ఆ నమ్మకం ఉండేది. దాన్ని సడలించినది కెనడా చరిత్ర గ్రంథాల్లో తరచు కనిపించే ఒక ఫోటో.

1885 నవంబరు 7న బ్రిటిష్ కొలంబియా కొండల్లో క్రెయిగెలాకీ అనే చోట కెనడియన్ పసిఫిక్ రైల్వేకు చివరి మేకు కొట్టారు. కొట్టినవాడు డోనాల్డ్ స్మిత్, ఆ కంపెనీలో పెద్ద పెట్టుబడిదారు. అతని చుట్టూ కోట్లు, టోపీలు, గడ్డాలు. తెల్లటి పొడుగు గడ్డంతో నిటారుగా నిలబడ్డవాడు ఇంజనీరు శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్. పెద్దల మధ్యనుంచి తొంగి చూస్తున్నవాడు ఎడ్వర్డ్ మాలండైన్ అనే కుర్రవాడు. బొమ్మ తీసినవాడు అలెగ్జాండర్ రాస్. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ కుర్రవాణ్ణి చూసి నవ్వుకున్నాను. అందులో ఎవరు లేరన్న ప్రశ్న నాకు తట్టనేలేదు.

1881–84 మధ్య సుమారు 15,000 మంది చైనీయులు ఆ మార్గం పనికి వచ్చారు. ఫ్రేజర్ నది లోయలో కొండలు పేల్చి సొరంగాలు తొలిచినవాళ్లలో వాళ్లే ఎక్కువ. కూలి రోజుకు ఒక డాలరు. తెల్ల కూలీకి అంతకంటే ఎక్కువ. చైనీయుల్లో కనీసం 600 మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. రాస్ ఫోటోలో వాళ్లలో ఒక్కడైనా కనిపించడు.

"రాస్ తప్పేముంది? ఎదుట ఉన్నవాళ్లనే తీశాడు గదా!" అని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చైనీయులు పనిచేసిన భాగం అప్పటికి పూర్తయింది, వాళ్లను పంపించివేశారు. అంతటితో ఆగలేదు. ఆ సంవత్సరం జూలైలోనే కెనడా పార్లమెంటు చట్టం చేసి, ఇకమీదట దేశంలో అడుగుపెట్టే చైనీయుడికి 50 డాలర్ల తలపన్ను విధించింది. రైలు కట్టేదాకా కావలసిన మనిషి, కట్టడం అయ్యేసరికి అక్కరలేనివాడయ్యాడు! ఆ ఫోటోలో ఉండవలసినవాళ్లెవరో రాస్ కెమెరా నిలబెట్టకముందే తేలిపోయింది.

ఇంకొక సంగతి. పెద్దలు వెళ్లిపోయాక అక్కడి కూలీలు కొందరు తామూ ఒక మేకు కొడుతూ ఫోటో తీయించుకున్నారు. ఆ బొమ్మ ఉన్నది, కాని మొదటిదానికి వచ్చిన ప్రచారం దానికి రాలేదు.

ఆ కాలపు కెనడాలో ఫోటో అంటే విలియం నాట్‌మన్ పేరే. స్కాట్లండులో వ్యాపారం చెడి 1856లో మాంట్రియల్ చేరాడు. సెయింట్ లారెన్స్ నది మీద విక్టోరియా వంతెన కట్టడాన్ని రైల్వే కంపెనీ కోసం ఫోటోలు తీసి పైకివచ్చాడు. ఇతనిది మరో పద్ధతి. 1866లో తీసిన వేట బొమ్మల్లో అడవి, చలిమంట, మంచు అన్నీ స్టూడియోలో కల్పించినవే. నేలమీది మంచు ఉప్పు, కురిసే మంచు నెగటివ్ మీద చిమ్మిన తెల్లరంగు. డబ్బుగల పెద్దమనుషులు తమ సాహసాన్ని చలి లేకుండా కొనుక్కున్నారన్నమాట. 1885లోనే బఫెలో బిల్ ప్రదర్శనతో వచ్చిన లకోటా నాయకుడు సిటింగ్ బుల్‌నూ ఈ స్టూడియోలోనే ఫోటో తీశారు. తన జాతి నేలకోసం పోరాడినవాణ్ణి టికెట్టు పెట్టి చూపించే రోజులవి. అయినా నాట్‌మన్‌ను తోసివేయడం తెలివితక్కువ. మాంట్రియల్‌లోని మెకార్డ్ మ్యూజియంలో అతని స్టూడియో ఫోటోలు నాలుగు లక్షలకు పైగా ఉన్నాయి. అవి లేకపోతే ఆనాటి ధనిక వర్గం తన్ను తాను ఎలా చూసుకోదలచిందో మనకు ఇంత వివరంగా తెలిసేది కాదు.

నాకు వీళ్లందరికంటే ఆసక్తి కలిగించినవాడు చౌ డాంగ్ హోయ్. చైనాలో గువాంగ్‌డాంగ్ రాష్ట్రంలో 1883లో పుట్టాడు. 1902లో కెనడా వచ్చాడు. అప్పటికి తలపన్ను 100 డాలర్లు. మరుసటి ఏడే దాన్ని 500 చేశారు. గిన్నెలు కడిగాడు, వంట చేశాడు, గడియారాలు బాగుచేశాడు. 1909లో బార్కర్‌విల్ అనే బంగారు గనుల ఊరు చేరి ఫోటో తీయడం సొంతంగా నేర్చుకున్నాడు. తరవాత క్వెనెల్‌లో దుకాణం పెట్టాడు. సుమారు పదేళ్లలో 1,500కు పైగా బొమ్మలు తీశాడు. గని పనివాళ్లైన చైనీయులు, కారియర్, చిల్కోటిన్ తెగలవాళ్లు, తెల్లవాళ్లు అందరూ అతని కెమెరా ముందు నిలబడ్డారు.

హోయ్‌ని విప్లవకారుణ్ణి చేయనక్కరలేదు. అతను డబ్బు తీసుకుని బొమ్మ తీసిన వర్తకుడు. కాని ఆ డబ్బు ఇచ్చినవాడు బొమ్మలోని మనిషే. చైనీయుడు మంచి దుస్తులు వేసుకుని తీయించుకున్న ఫోటో సముద్రం అవతల ఇంటివాళ్లకు వెళ్లేది. తలపన్ను కట్టి భార్యాబిడ్డల్ని రప్పించుకునే స్తోమత ఎందరికి ఉంటుంది? 1923లో ఆ దారి కూడా దాదాపు పూర్తిగా మూసివేశారు. 1947 దాకా ఆ చట్టం రద్దు కాలేదు.

హోయ్ 1973లో మరణించాడు. అతని ఫోటోల్లోని చైనీయుల్లో చాలామంది పేర్లు ఈనాటికీ తెలియవు. క్రెయిగెలాకీ బొమ్మలో స్మిత్ పక్కన నిలబడ్డ పెద్దల పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోనైనా దొరుకుతాయి.