ప్రాసెసర్ వినియోగం (ల్యాప్‌టాప్)

ప్రాసెసర్ తన సమయంలో ఎంత భాగం పనిలో గడుపుతోందో చెప్పే శాతమే ప్రాసెసర్ వినియోగం. వీడియో ఎడిటింగ్ వేళ అది 100కు చేరినా తప్పులేదు. ఊరికే ఉన్నప్పుడూ దిగకపోతేనే అనుమానించాలి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. 1996 నాటి విండోస్ ఎన్‌టీ 4.0 నుంచీ ఉన్న సాధనమిది. అందులోని వివరాల జాబితాలో 'సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్' ఎదుట 95 చూసి కంగారుపడేవారున్నారు. నిజానికి అది ప్రాసెసర్ ఖాళీగా ఉన్న వాటా. తరచూ పట్టుబడే దోషులు బ్రౌజర్ ట్యాబులు, యాంటీవైరస్ తనిఖీ, అప్‌డేట్లు, ఫైళ్ల ఇండెక్సింగ్. చివరి మూడూ మామూలుగా పని ముగియగానే సద్దుమణుగుతాయి. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుంటే మాత్రం కథ వేరు. వేడికి ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, దాంతో చిన్న పనికీ ఎక్కువసేపు పట్టి శాతం పెరుగుతుంది.