గంతకు తగ్గ బొంత

"గంతకు తగ్గ బొంత" అను సామెతను మనవారు పెండ్లి సంబంధం కుదిరినప్పుడు నవ్వుతూ వాడుతుంటారు. అందులోని బొంతను గురించి మాత్రం ఎవరూ ఆగి ఆలోచించరు. ఈ శతాబ్ది సంచికలో పెద్దలు దేవాలయముల చరిత్ర, బడుల చరిత్ర, ఆసుపత్రుల చరిత్ర వ్రాయుచున్నారు. కాజీపల్లి స్త్రీల మైత్రి తరఫున మేము బొంత చరిత్ర వ్రాయదలచినాము. దీనిని చిన్న విషయముగా ఎంచరని మా నమ్మకం.

బొంత అనగా ఏమో మన తల్లులకు చెప్పనక్కర లేదు గాని, దుప్పట్లు బజారులో కొనుక్కునే పిల్లలకు చెప్పవలె. చినిగిన చీరలు, పంచెలు ఉతికి ఆరబెట్టి, నాలుగైదు పొరలుగా నేల మీద పరచి, ముడతలు పోవునట్లు చేత్తో సర్ది, ముందుగా దూరపు కుట్లతో పొరలను కదలకుండ పట్టించి, ఆ పైన దబ్బనంతోగాని పెద్ద సూదితోగాని వరుస వెంబడి వరుస దగ్గరి కుట్లు వేస్తారు. గట్టి బట్ట అడుగుకు, మెత్తని పాత చీర పైకి వస్తుంది. ఇద్దరు ముగ్గురు చెరొక వైపు కూర్చుంటేనే పని సాగుతుంది. బొంత కుట్టే చోట మాటలు పుట్టేది అందువల్లనే.

ఆపదలో చేతికి పని ఇచ్చుట మన ప్రాంతమునకు కొత్త కాదు. మెదక్ మహాదేవాలయమును చూచిన ప్రతివారికి ఆ సంగతి తెలియును. కరువు రోజులలో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు జనమునకు ధాన్యం ఊరక పంచిపెట్టక, కట్టడపు పని ఇచ్చి అన్నం పెట్టినారు. 1914లో మొదలైన ఆ పని ముగిసి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. ఆకలిగొన్నవాడు చేయి చాపకుండ, చేయి ఆడించి తిన్నాడు. ఆ గౌరవం విలువ మేము చాలా ఆలస్యముగా నేర్చుకున్నాము. ఎట్లు నేర్చుకున్నామో క్రింద చెప్పెదము.

వరదలు మన దేశభాగమునకు పాత శత్రువులు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలాది ఇండ్లను, వేలాది ప్రాణములను తీసుకొనిపోయినది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయేబది మంది వరకు బ్రతికినారని చెప్పుకొందురు. ఆ తరువాతనే విశ్వేశ్వరయ్యగారి సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టబడినవి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేల మందికి పైగా చనిపోయినారు. ఆనాడు మా పెద్దలు ఇంటింటా పాత బట్టలు మూటగట్టి పంపినారట. కట్టుకొన్న చీర తప్ప ఏమీ మిగలనివారికి ఒక పాత చీర కూడ పెద్ద ఆస్తియే.

ఇక మా కండ్లయెదుట జరిగినది. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదు మీద ఆకాశం విరిగిపడినది. ఘటకేసర్ వైపు ఒక్క రోజులోనే 30 సెంటీమీటర్లకు మించి వాన కురిసినది. పాతబస్తీలో చెరువుగట్లు తెగి కాలనీలకు కాలనీలు మునిగినవి. కరోనా భయముతో ఒకరినొకరు ముట్టుకొనుటకే జంకే రోజులవి. మా సంఘస్థుల బంధువులు కొన్ని కుటుంబములవారు తడిసిన మూటలతో మా ఊరు చేరినారు. దూది పరుపులు నీరు పీల్చి బరువెక్కి, వారమైనా ఆరక కంపుకొట్టి, చివరకు పారవేయవలసి వచ్చినది. బొంతలు మాత్రం రెండెండలకు ఆరినవి. కుట్టు విప్పి, పొరలు విడదీసి, ఉతికి మరల కుట్టుకొనవచ్చును. వరదకాలమునకు తగిన పక్క ఏదో అప్పుడు తెలిసినది.

మేము హడావిడిగా పది బొంతలు కుట్టి, మడతపెట్టి, ప్రార్థన చేసి పంచబోయినాము. ఒక సోదరి బొంతను అందుకొనలేదు. "అక్కా, ఎన్నని ఇస్తరు? నాకు సూది దారం ఇయ్యండి. ఊకె కూసుంటే ఆ నీళ్ళే కండ్లల్ల తిరుగుతున్నయి" అన్నది. మేము సిగ్గుపడినాము. కుట్టుటలోని ఓదార్పు అంతా మేమే అనుభవించి, ఆమెకు ఒట్టి గుడ్డ ఇవ్వబోయినాము.

మరునాటి నుండి మూతులకు మాస్కులు కట్టుకొని, వేపచెట్టు క్రింద ఎడముగా కూర్చుని అందరమూ కలిసి కుట్టినాము. ఆ సోదరి మూటలో చనిపోయిన తల్లి చీర ఒకటున్నది. బురద మరక పోలేదు. దానిని కత్తిరించనివ్వలేదు, దాచుకొనుటకూ మనసొప్పలేదు. నాలుగవ నాడు తానే తెచ్చి పై పొరగా పరచినది. మరక ఉన్నచోట కుట్లు మరింత దగ్గరగా వేసినది. ఆ రాత్రి నిద్రపట్టినదని ఉదయమే వచ్చి చెప్పినది.

ఇది మా ఊరి మాట మాత్రమే కాదు. 2011 మార్చి 11 సునామీ తరువాత జపానులోని ఓత్సుచి పట్టణమున, శిబిరములలో పనిలేక కూర్చున్న స్త్రీలు సాషికో అను కుట్టుపనితో తేరుకున్నారు. అదే యేడు ఫిబ్రవరి 22న న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపమునకు 185 మంది చనిపోగా, పరదేశముల స్త్రీలు సహా గుడ్డతో చిన్న చిన్న హృదయములు కుట్టి ఆ ఊరివారికి పంపినారు. యొప్పేలో తబిత చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు చూపినవి కూడ ఆమె కుట్టిన వస్త్రములే గదా!

అయితే ఒక మాట దాచరాదు. బొంత చలిని ఆపును గాని వరదను ఆపదు. చెరువులను పూడ్చి ఇండ్లు కట్టినది వాన కాదు. మా కాజీపల్లి చెరువు నీరు పాడైనది కూడ మేఘముల వలన కాదు. పటాన్‌చెరు ప్రాంతపు కాలుష్యం గురించి 1990లోనే సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చిన సంగతి మనకు తెలియనిది కాదు. ఆ రోజులలో బట్టలు ఉతుకుటకు చెరువుకు పోలేక బోరింగు దగ్గర వరుసకట్టినాము. ఓదార్పు దొరికినదని అడుగవలసినది అడుగుట మానితే, మన కుట్టుపని కంటితుడుపే అగును.

ఇప్పుడు మా స్త్రీల మైత్రి పెట్టెలో దబ్బనములు, దారపు ఉండలు, ఉతికిన పాత చీరలు ఎప్పుడూ సిద్ధముగా ఉంచుచున్నాము. ఈసారి ఆపద వచ్చినయెడల బొంతను కాదు, ముందు సూదిని అందించెదము. చదువు సోదరీమణులారా, మీ ఇంట ఒక ముసలమ్మకు ఇంకను బొంత కుట్టుట వచ్చునేమో అడుగుడి. ఆమె ఎదురుగా కూర్చుని ఒక వరుసయైనా నేర్చుకొనుడి.