రామానుజుని విద్యార్థిదశ – ప్రతిభాపోషణము

శ్రీనివాస రామానుజుఁడు 1887వ సంవత్సరమున ఈరోడునందు జనించి కుంభకోణమునఁ జదివెను. అచ్చటి టౌను హైస్కూలునందు 1904లో గణితమునకు బహుమానము నొందెను. పూర్ణాంకములును నీ బాలునకుఁ జాలవని ప్రధానోపాధ్యాయుఁడగు కృష్ణస్వామయ్యరు పలికెనని ప్రసిద్ధి.

పిమ్మటఁ గళాశాలలో నాతనికి విద్యార్థివేతనము లభించెను. కాని గణితమునందే మగ్నుఁడై యాంగ్లమునఁ దప్పుటచే నది పోయెను. మదరాసునందలి పచ్చయప్ప కళాశాలఁ జేరియు, 1907లో ఎఫ్.ఏ. పరీక్షయందుఁ గృతార్థుఁడు గాఁడయ్యెను. ఒక్క శాస్త్రమున నసాధారణుఁడైన వాని నన్నిట నొకే కొలతఁ గొలుచుటయే యిచ్చటి దోషము. పరీక్ష యనర్హుని వేఱుపఱుపఁగలదు. ప్రతిభావంతుని గుర్తించుట దానివలనఁ గాలేదు.

ఆ పని సహృదయులకే చెల్లెను. 1910లో నెల్లూరు కలెక్టరు రామచంద్రరావుగా రాతని లెక్కల పుస్తకముఁ జూచి, కొంతకాలము ద్రవ్యసాహాయ్య మొనర్చిరి. 1912లో మదరాసు పోర్టు ట్రస్టున నెలకు 30 రూపాయల గుమాస్తాపని దొరకెను. 1913లో మదరాసు విశ్వవిద్యాలయము, పట్టము లేకున్నను, పరిశోధనకై నెలకు 75 రూపాయల వేతన మిచ్చెను. ఐదేండ్లకు, 1918లో, రామానుజుఁడు రాయల్ సొసైటీ సభ్యుఁడయ్యెను. 1920లో 32 ఏండ్లకే దివంగతుఁడయ్యెను.

ఇందుచే నియమములు త్యాజ్యములని తలఁపరాదు. వైయాకరణు లుత్సర్గమును విధించియు, విశేషస్థలమున నపవాదమే బలీయ మనిరి. పాఠశాలయు నసామాన్యశిష్యునకై యట్టి యపవాదసూత్ర మొకటి యుంచుకొనవలయును.