రెండు పురుగులు, ఒకే గూడు: మెయిసెన్ కిమోనో కథ

ఇవాళ ఒకప్పటి చవక బట్ట గురించి మాట్లాడుకుందాం. పేరు మెయిసెన్, జపాన్ పట్టు. కిమోనో అనగానే పెళ్లికో పండక్కో వేసుకునే ఖరీదైన బట్టే గుర్తొస్తుంది కదా. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఒక్కోసారి రెండు పట్టుపురుగులు కలిసి ఒకే గూడు కట్టేస్తాయి. ఆ గూటి దారం ముడులు ముడులుగా వస్తుంది, ఎగుమతికి పనికిరాదు. మేలైన పట్టంతా ఓడలెక్కి అమెరికా పోతుంటే, మిగిలిపోయిన ఇలాంటి దారంతో ఇసెసాకి, చిచిబు, అషికాగ ఊళ్లలో మెయిసెన్ నేశారు. 1910ల నుంచి 1930ల దాకా స్కూలు పిల్లలు, ఉద్యోగాలు చేసే అమ్మాయిలు కట్టింది ఇదే. అరచేయంత గులాబీలు, మెరుపు తీగల్లాంటి గీతలు, కళ్లు చెదిరే రసాయన రంగులు!

నేత కూడా తమాషాగా ఉంటుంది. పడుగులో ముందు పలుచగా ఉత్తుత్తి పేక వేసి, దాని మీద అచ్చుతో రంగులద్దుతారు. తర్వాత మగ్గం మీద ఆ పేకను ఊడదీస్తూ అసలు పేకతో నేస్తారు. పువ్వు అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. మన పోచంపల్లి చీర చూసినవాళ్లకి ఆ అంచు కొత్తేమీ కాదు. అక్కడ నూలుని కట్టి రంగులో ముంచుతారు, ఇక్కడ అద్దుతారు, అంతే తేడా.

మరి ఇదంతా ఏమైంది? 1940 జులై 7న విలాస వస్తువుల తయారీ, అమ్మకాల మీద ఆంక్షలొచ్చాయి. యుద్ధం అయ్యాక ఆకలి. ఊరి వాళ్లకి ఒక్కో కిమోనో ఇచ్చి బియ్యం తెచ్చుకున్నారు. వెదురు మొలక పొరలు ఒలిచినట్టు ఒంటి మీది బట్టలు ఒలుచుకు తిన్న బతుకు కాబట్టి, దానికి వెదురు మొలక బతుకు అనే పేరే పడిపోయింది. తర్వాత అందరూ గౌన్లలోకి మారారు. కిమోనో పండగ బట్టయింది, కట్టడం నేర్పే బడులు వచ్చాయి, బడులతో పాటు బోలెడు నియమాలు.

2000ల మొదట్లో కుర్రపిల్లలు పాత పెట్టెల మీద పడ్డారు. క్యోటోలో తోజి గుడి దగ్గర ప్రతి నెలా 21న సంత జరుగుతుంది, పాత కిమోనోలు గుట్టలుగా పోసి అమ్ముతారు. ఆనాటి ఆడవాళ్లు పొట్టి, కాబట్టి ఇప్పటివాళ్లకి నడుం దగ్గర వేయాల్సిన మడతకి గుడ్డ చాలదు. ఏం చేశారు? మడత మానేసి కింద బూట్లు తొడిగారు, మెడ దగ్గర లేసు పెట్టారు. దారిన పోయే పెద్దావిడ ఆపి సరిచేస్తుంది. అలాంటివాళ్లకి కిమోనో పోలీసులని పేరు పెట్టారు! నా ఓటు బూట్ల పిల్లలకే. మెయిసెన్ ఎప్పుడూ నియమాల బట్ట కాదు మరి.

ఒక్కటి మాత్రం నన్ను గుచ్చుతుంది. ఆ పట్టు ముసలిదైపోయింది. కూర్చుంటే వెనక పిగులుతుంది. కట్టిన ప్రతిసారీ ఒక కిమోనో చావుకి కొంచెం దగ్గరవుతోంది. సంతలో పాతది కొంటే నేతగాడికి పైసా రాదు. చిచిబులో ఇంకా నేస్తున్నారు, 2013లో ప్రభుత్వం దాన్ని సంప్రదాయ చేతిపనిగా గుర్తించింది కూడా. కానీ కొత్త తాను ధర స్కూలు పిల్లలు కొనేది కాదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఓబీ, అంటే ఆ నడుం పట్టీ సంగతి చూద్దాం. ఉంటానండీ.