తామీర్, ముంపు

మా మాచారెడ్డి ఇలాఖాలో పెద్ద నది లేదు. చెరువులు, కుంటలు, వానాకాలం పారే వాగులు, అంతే. చిన్నప్పుడు మాకు దర్యా అంటే నిజాంసాగరే. అబ్బా ఒకసారి బస్సులో తీసుకపోయి కట్ట మీద నిలబెడితే, అవతలి ఒడ్డు కనబడక హైరాన్ అయిన.

ఉర్దూ మీడియం బడిలో దాని గురించి విన్న సబఖ్ చిన్నది: ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించిండు, అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీర్. అబద్ధం కాదు. మహారాష్ట్ర బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా వచ్చే మంజీరాను అచ్చంపేట దగ్గర ఆపిన్రు. 1923లో మొదలైన పని 1931లో పూర్తయింది. సుమారు 3 కిలోమీటర్ల కట్ట, దాని మీద 14 అడుగుల సడక్. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లియ్యాలన్నది మన్సూబా. ఆ కాలువల కింద చెరకు పెరిగింది, బోధన్‌ల చక్కెర ఫ్యాక్టరీ లేచింది.

సబఖ్‌లో లేనిదొకటుంది. ఈ సాగర్ కోసం 40కి పైగా ఊళ్లు ఖాళీ చేయించిన్రు. ఊరంటే ఇండ్లేనా? బొడ్రాయి, బావి, పీరీల చావడి, ఖబ్రస్తాన్ కూడా. ఉర్దూ బడి నాకు 'తామీర్' నేర్పింది. 'ముంపు' అనే మాట తెలుగు డిగ్రీలో నేర్చుకున్న. ఈ కట్ట తారీఖ్ రాయాలంటే రెండూ కావాలె.

ఆ ఊళ్ల మీది నీళ్లే ఇప్పుడు బెస్తలకు, ముదిరాజులకు రోజీ. రవ్వ, బొచ్చె, కొర్రమీను వాళ్ల వలలో పడాలంటే సాగర్‌ల నీళ్లుండాలె. పూడిక నిండి దాదాపు 30 టీఎంసీల జాగా 18కి దిగింది. పైన సింగూరు నీళ్లు హైదరాబాద్ దాహం తీర్చాలె. 2016 ఎండాకాలం సాగర్ అడుగంటింది. అదే ఏడు సెప్టెంబర్ వానలకు మళ్లీ నిండింది. గేట్లెత్తితే సైర్‌కు జనం వస్తరు, ఫోటోలు దిగుతరు, వేయించిన చేపలు తింటరు. మంచిదే. కానీ కాళ్ల ముందున్న నీళ్ల కింద ఏముందో ఎవరూ అడగరు.

ఇల్లు విడిచి వచ్చినోళ్లు ఇప్పుడు లేరు. వాళ్ల మనవలు, మనవరాళ్లున్నరు. మీ ఇంట్ల నానీనో, నానమ్మనో ఉంటే ఇయ్యాళే అడగండి: మన ఖాందాన్ ఏ ఊరి నుంచి లేచొచ్చింది? ఆ పేరు రాసిపెట్టండి. కట్టకు పేరుంది, ఇంజనీర్‌కు పేరుంది. మునిగిన ఊరి పేరు కూడా మునగొద్దు.