అపోహలు ఎలా తొలగాయి? నంద్యాల సభ నుంచి ఆళ్లగడ్డ ఉప ఎన్నిక దాకా

కర్నూలు నుంచి కడపకు వెళ్లే జాతీయ రహదారి మీద మీరు ప్రయాణిస్తే మొదట నంద్యాల వస్తుంది. అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఆళ్లగడ్డ. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువ, అంటే మన కె.సి. కెనాల్, ఈ ప్రాంతపు పొలాలను తడుపుతుంది. నంద్యాల అంటే భక్తులకు నవనందులు గుర్తుకొస్తాయి. ఆళ్లగడ్డ అంటే అహోబిలం దారి, రాతి శిల్పులు. పత్రికలు చదివేవారికి మాత్రం ఈ రెండు పేర్లు వినగానే వర్గాలు, పంతాలు గుర్తుకొస్తాయి. ఆ పంతాల చరిత్ర మీకు చాలాచోట్ల దొరుకుతుంది. ఈ భాగంలో మనం చూడబోయేది వేరు. రాజకీయంగా ఎదురెదురు నిలిచినవారు ఒకరి మీద ఒకరికున్న అనుమానాన్ని ఎప్పుడు, ఎలా తగ్గించుకోగలిగారు?

చరిత్ర పుస్తకాల్లో ‘నాయకులు సమావేశమై అపోహలు తొలగించుకున్నారు’ అనే వాక్యం మీరు చదివే ఉంటారు. పరీక్షలో రాసి కూడా ఉంటారు. ఆ వాక్యం దగ్గర కాస్త ఆగాలి. అపోహ అంటే విషయం తెలియకపోవడం మాత్రమే అయితే, తెలియజెప్పగానే పోవాలి. రాజకీయాల్లో అలా జరగదు. ఎదుటివారు చెప్పేది వినబడుతూనే ఉంటుంది, నమ్మడానికి ఆధారమే కనబడదు. ఆ ఆధారాన్ని ఎవరు ఇచ్చారు, దేన్ని వదులుకుని ఇచ్చారు అన్నదే ఈ భాగంలో మనం వెతకాల్సిన విషయం.

నంద్యాల సభ, 1928

1800లో నిజాం తన సైనిక సహాయపు ఖర్చు కింద తూర్పు ఇండియా కంపెనీకి అప్పగించిన ప్రాంతానికి ‘దత్త మండలాలు’ అనే పేరు స్థిరపడింది. అందులో బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలున్నాయి. కర్నూలు నవాబు పాలన 1839లో ముగిశాక ఆ జిల్లా కూడా ఈ సమూహంలో భాగంగానే వ్యవహారంలోకి వచ్చింది. ఒకరు మరొకరికి ఇచ్చివేసిన ప్రాంతం అని గుర్తుచేసే ఈ పేరు అక్కడి చదువుకున్నవారికి నచ్చేది కాదు.

1928 నవంబరు 17, 18 తేదీల్లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్. దానితోపాటే కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్త మండలాల సభ కూడా జరిగింది. ఆ సందర్భంలోనే చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అనే పేరును ప్రతిపాదించారు. (ఈ పేరు సూచించినవారిగా గాడిచర్ల హరిసర్వోత్తమరావును చెప్పేవారూ ఉన్నారు.) ఒక్క సంగతి గమనించండి. నారాయణరావు పుట్టింది శ్రీకాకుళం ప్రాంతంలో, అధ్యాపకుడిగా పనిచేసింది అనంతపురం కళాశాలలో. సీమ అభిమానానికి గుర్తుగా నిలిచిన పేరు ఉత్తర కోస్తా నుంచి వచ్చిన మనిషి నోట వెలువడింది. ప్రాంతాల మధ్య గోడలు మనం అనుకున్నంత ఎత్తుగా లేవు.

అయినా నంద్యాలలో కొత్త పేరు వచ్చిందే కాని, పాత అనుమానం పోలేదు.

అనుమానానికి కారణాలు

1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పటి నుంచీ ప్రత్యేకాంధ్ర రాష్ట్రం అనే మాట వినిపిస్తూనే ఉంది. కోస్తా జిల్లాల్లో దానికి ఉత్సాహం ఎక్కువ, సీమలో తక్కువ. ఇది భాషాభిమానంలో తేడా కాదు. 1850లలో గోదావరి, కృష్ణా ఆనకట్టలు పూర్తయ్యాక కోస్తా డెల్టాల్లో వరి పండింది. పంటతోపాటు కళాశాలలు, వకీళ్లు, పత్రికలు పెరిగాయి. అదే శతాబ్దంలో 1876-78 కరవు సీమను కుదిపేసింది. ఇంత తేడా ఉన్న రెండు ప్రాంతాలు ఒక రాష్ట్రంగా ఏర్పడితే ఉద్యోగాలు, నీళ్లు, పదవులు ఎటు పోతాయి? సీమ నాయకుల ప్రశ్న ఇదే. మద్రాసులో తమిళుల ఆధిక్యం పోయి కోస్తావారి ఆధిక్యం వస్తే మనకు ఒరిగేదేమిటని వారు అడిగారు.

కోస్తా వైపు నుంచి చూస్తే కథ మరోలా ఉంటుంది. సొంత రాష్ట్రం అడుగుతుంటే సాటి తెలుగువాళ్లే వెనక్కి లాగుతున్నారన్నది వారి బాధ. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అపోహలు ఎక్కువ కాలం బతకడానికి కారణం కూడా ఇదేనేమో. పూర్తిగా అబద్ధమైన అనుమానాన్ని పోగొట్టడం తేలిక, సగం నిజమైన అనుమానాన్ని పోగొట్టడం కష్టం.

విశ్వవిద్యాలయం వివాదం దీనికి మంచి ఉదాహరణ. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని కేంద్రం అనంతపురంలో ఉండాలని సీమవారు కోరారు. అది మొదట బెజవాడలో ఉండి, తరువాత వాల్తేరులో స్థిరపడింది. సీమ కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం కిందనే ఉండిపోయాయి. 1937లో రాజాజీ మంత్రివర్గం ఏర్పడినప్పుడు తెలుగు ప్రాంతం నుంచి టంగుటూరి ప్రకాశం, వి.వి. గిరి, బెజవాడ గోపాలరెడ్డి మంత్రులయ్యారు. సీమ నుంచి ఒక్కరూ లేరు. ‘మేము చెప్పింది ఇదే కదా’ అని సీమ నాయకులు అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

శ్రీబాగ్, 1937

ఆ ఏడాది అక్టోబరులో విజయవాడలో ఆంధ్ర మహాసభ రజతోత్సవం జరిగింది. అధ్యక్షస్థానంలో కూర్చున్నది కడప కోటిరెడ్డి. అనుమానపడుతున్న పక్షం మనిషికే అధ్యక్షపీఠం ఇవ్వడం మర్యాద మాత్రమే కాదు, ఆయన మాట వినక తప్పని పరిస్థితిని తమకు తామే కల్పించుకోవడం. రెండు ప్రాంతాల నాయకులు కూర్చుని మాట్లాడుకోవాలన్న నిర్ణయం అప్పుడే జరిగింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో వారు ఒప్పందానికి వచ్చారు. ఆ ఇంటి పేరు శ్రీబాగ్.

సంతకాలు చేసినవారిలో కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు, బళ్లారికి చెందిన హెచ్. సీతారామిరెడ్డి, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య ఉన్నారు. వారు ఏం రాసుకున్నారో చూడండి. వాల్తేరుతోపాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలి. పదేళ్లపాటు, లేదా అవసరమైనంత కాలం, తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీటి విషయంలో రాయలసీమకు, నెల్లూరుకు ముందు ప్రాధాన్యం ఉండాలి. శాసనసభ సాధారణ స్థానాలను జిల్లాలకు సమానంగా పంచాలి. రాజధాని, హైకోర్టు వేర్వేరు చోట్ల ఉండాలి, వాటిలో ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమది.

ఈ నాలుగు అంశాల్లో ‘సోదరభావం’ వంటి మాట ఒక్కటీ లేదని గమనించారా? అన్నీ నీళ్లు, సీట్లు, భవనాలు. జనాభా ఎక్కువున్న కోస్తా, జిల్లాలకు సమానంగా సీట్లు పంచడానికి ఒప్పుకోవడం అంటే తన బలంలో కొంత వదులుకోవడమే. రాజధాని ఎంపికను ఎదుటివారికి ఇవ్వడం అంతకంటే పెద్ద విషయం. సీమ నాయకులు వదులుకున్నది కూడా ఉంది: వద్దు అనగల బలం. వారు కాదంటే ప్రత్యేకాంధ్ర వాదన మద్రాసులోగాని, ఢిల్లీలోగాని నిలబడేది కాదు. ఆ బలాన్ని వారు ఒక కాగితానికి మార్చుకున్నారు.

ఇక్కడ ఒక నిమిషం ఆగి, ఈ ఒప్పందాన్ని అమలు చేయించే అధికారం ఎవరికుందో ఆలోచించండి. ఎవరికీ లేదు. అది చట్టం కాదు. సంతకం చేసినవారి మాటే దానికి పూచీ. ఇల్లు ఇచ్చిన నాగేశ్వరరావు 1938 ఏప్రిల్‌లో మరణించారు.

ఆ కాగితం ఏమైంది?

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం తరువాత, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. విజయవాడ-గుంటూరు ప్రాంతమే రాజధాని కావాలని కమ్యూనిస్టులు గట్టిగా వాదించారు. సౌకర్యాల పరంగా వారి వాదన తీసిపారేయదగినది కాదు. అయినా రాజధాని కర్నూలుకే వచ్చింది, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. భవనాలు లేక గుడారాల్లో కార్యాలయాలు నడిపిన ఆ కర్నూలు రోజుల గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. పదహారేళ్ల నాటి మాట, అసౌకర్యాన్ని భరించి నిలబెట్టుకున్న మాట అది.

అది మూడేళ్లే నిలిచింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే రాజధాని, హైకోర్టు రెండూ హైదరాబాదుకు చేరాయి. మిగతా అంశాలూ అంతే. అనంతపురం కేంద్రానికి బదులు 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. రాజ్యాంగం జనాభానే సీట్లకు ఆధారం చేసింది. కృష్ణా-పెన్నా పథకం పక్కకుపోయి, 1955లో నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. సంతకం చేసిన సీతారామిరెడ్డి బళ్లారి అయితే 1953లోనే మైసూరు రాష్ట్రంలోకి వెళ్లిపోయింది. ఒప్పందాన్ని ఎవరో పనిగట్టుకుని చింపేశారని చెప్పలేం. పరిస్థితి మారినప్పుడు మళ్లీ కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు అందులో లేకపోవడమే దాని లోపమని నా అభిప్రాయం. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజధాని చర్చ మొదలవగానే శ్రీబాగ్ పేరు మళ్లీ వినబడటానికి కారణం కూడా ఇదే.

రాయని సంప్రదాయం

శ్రీబాగ్ రాసుకున్న మాట. ఇక రాసుకోని మాటలు ఎలా పనిచేశాయో చూడటానికి మళ్లీ నంద్యాలకు రావాలి.

1991 జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి అయ్యేనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. ఆళ్లగడ్డ ప్రాంతపు గంగుల కుటుంబానికి చెందిన గంగుల ప్రతాపరెడ్డి అప్పుడే నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచారు. ప్రధాని కోసం ఆయన ఆ స్థానానికి రాజీనామా చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్‌కు అసలు ప్రత్యర్థి తెలుగుదేశం. తెలుగువారి ఆత్మగౌరవం పేరుతో 1982లో పుట్టిన ఆ పార్టీ, తొలి తెలుగు ప్రధాని మీద అభ్యర్థిని నిలపకూడదని నిర్ణయించింది. ఎన్.టి. రామారావు, పి.వి. నరసింహారావుల రాజకీయాలు కలిసేవి కావు. వారి మధ్య చర్చలు జరిగి, అభిప్రాయాలు దగ్గరై వచ్చిన నిర్ణయం కూడా కాదు ఇది. విభేదం అలాగే ఉంది, పోటీ ఒక్కటే వదులుకున్నారు.

ఎన్నిక మాత్రం జరిగింది. భారతీయ జనతా పార్టీ తరఫున బంగారు లక్ష్మణ్ పోటీ చేశారు. అది ఆ పార్టీ హక్కు, ఓటరుకు ఎంపిక ఉండటమూ అవసరమే. పి.వి. 5 లక్షల 80 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. 1996లో ఆయన నంద్యాలలో మళ్లీ నిలబడినప్పుడు తెలుగుదేశం ఊరుకోలేదు, ఆళ్లగడ్డకు చెందిన భూమా నాగిరెడ్డిని పోటీకి దించింది. పి.వి. గెలిచి, ఒడిశాలోని బరంపురం స్థానాన్ని ఉంచుకుని, నంద్యాలను వదిలేశారు. ఉప ఎన్నికలో భూమా గెలిచారు. అంటే 1991 నాటి మర్యాద ఒక సందర్భానికి చేసినది. దాన్ని ఎవరూ శాశ్వత హక్కుగా అడగలేదు, అందుకే దాని మీద తగాదా రాలేదు.

ఇప్పుడు ఆళ్లగడ్డ. 2014 ఎన్నికల ప్రచారంలో, ఏప్రిల్ 24న, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి భూమా శోభా నాగిరెడ్డి రోడ్డు ప్రమాదంలో మరణించారు. మే 7న జరిగిన పోలింగులో ఆమె పేరు అలాగే ఉంది, ఓటర్లు ఆమెనే గెలిపించారు. ఖాళీ అయిన స్థానానికి ఉప ఎన్నిక వచ్చినప్పుడు, అధికారంలో ఉన్న తెలుగుదేశం పోటీకి దిగలేదు. ఆమె కుమార్తె అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. భూమా, గంగుల కుటుంబాల మధ్య దశాబ్దాల రాజకీయ పోటీ చూసిన ఆ నియోజకవర్గంలో ఒక ఎన్నిక ఓటింగు లేకుండానే ముగిసింది. సభ్యులు మరణిస్తే వారి కుటుంబీకులపై పోటీ పెట్టకపోవడం అనే ఈ ఆనవాయితీ ఎక్కడా రాసి లేదు. దీన్ని విమర్శించేవారూ ఉన్నారు. సంతాపం పేరుతో ఓటరు ఎంపికను తీసేయడం ఏమిటన్న వారి ప్రశ్నను మీరు కొట్టివేయకూడదు.

మూడేళ్లకే ఆ ఆనవాయితీకి పరీక్ష ఎదురైంది. 2014లో నంద్యాల నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తుపై శాసనసభకు గెలిచిన భూమా నాగిరెడ్డి 2016లో తెలుగుదేశంలో చేరారు. 2017 మార్చి 12న మరణించారు. ఇప్పుడు మర్యాద ఎవరు ఎవరికి చేయాలి? మరణించిన నాయకుడు తమవాడని ఒక పక్షం, ఆ సీటు తమ గుర్తుపై గెలిచినదని మరో పక్షం. రాసి ఉంటే కాగితం తీసి చూసుకునేవారు. రాసి లేదు కాబట్టి ఎవరి సంప్రదాయం వారికే న్యాయంగా కనిపించింది. ఆగస్టు 23న నంద్యాలలో పోలింగు జరిగింది. రాష్ట్రమంతా చూసిన హోరాహోరీ పోరులో తెలుగుదేశం అభ్యర్థి భూమా బ్రహ్మానందరెడ్డి, శిల్పా మోహనరెడ్డిపై 27 వేలకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.